నడవలేని వయసులో బరువు తగ్గాలంటే: కొవ్వు పోవాలి, కండ మిగలాలి

మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వెళ్లిన పెద్దవాళ్లకు తప్పక వినిపించే మాట 'బరువు తగ్గండి' అని. ఎలా తగ్గాలో కూర్చోబెట్టి చెప్పేంత తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు. నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు. ఇంటికొచ్చాక అందరూ కలిసి తేల్చేది ఒక్కటే: తిండి తగ్గించడం. రాత్రి అన్నం మానిపిస్తారు, పొద్దున ఒక గ్లాసు జావతో సరిపెడతారు. మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గుతారు కూడా. అయితే అప్పటిదాకా కమోడ్ మీంచి తనంతట తాను లేచిన మనిషి చెయ్యి అందించమని పిలవడం మొదలవుతుంది. పోయిన బరువులో కొవ్వుతో పాటు తొడ కండ కూడా ఉంది మరి.

వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే తగ్గిస్తే, పోయే ప్రతి నాలుగు కిలోల్లో సుమారు ఒక కిలో కండే. ముప్పై ఏళ్ల మనిషికి అది మళ్లీ పెరుగుతుంది. డెబ్బై ఏళ్ల మనిషికి డైట్ మానేశాక తిరిగొచ్చే బరువులో ఎక్కువ భాగం కొవ్వే. అంటే రెండు మూడు సార్లు ఇలా తగ్గి పెరిగితే, తూకం మొదట్లో ఎంత ఉందో అంతే ఉన్నా కాళ్లలో సత్తువ మాత్రం తరుగుతూ పోతుంది. అందుకే ఈ వయసులో ఎన్ని కిలోలు తగ్గారన్నది రెండో ప్రశ్న. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలుగుతున్నారన్నది మొదటిది.

అసలు తగ్గాలా?

అందరూ తగ్గాల్సిన పని లేదు. మన దేశంలో బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు. ఈ గీతలు ప్రధానంగా మధ్యవయసులో షుగరు, గుండె జబ్బుల ముప్పును చూసి గీసినవి. యూరప్‌లోని పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ పెద్దవాళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, బీఎంఐ 30 లోపు ఉన్న వృద్ధులకు బరువు తగ్గించే డైట్లు పెట్టవద్దనే ఉంది. మనవాళ్లకు అదే బీఎంఐ దగ్గర కొవ్వు వాటా ఎక్కువ కాబట్టి ఆ 30ని యథాతథంగా తెచ్చుకోలేం. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెం.మీ., మగవాళ్లకు 90 సెం.మీ. దాటి, మోకాళ్లో షుగరో గురకో బాధపెడుతుంటే తగ్గడంలో అర్థముంది. డెబ్బై దాటి, బీఎంఐ 26 దగ్గర ఉండి, ఏ ఇబ్బందీ లేని మనిషిని తూకం పేరుతో పస్తు పెట్టడంలో లేదు. వాళ్లకు ప్రొటీన్, కుర్చీ వ్యాయామం చాలు.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. వయసుతో వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గుతుంది. 156 సెం.మీ. ఎత్తున్న మనిషి 152కు వస్తే, అదే 65 కిలోలకు బీఎంఐ 26.7 నుంచి 28.1కి ఎగబాకుతుంది. మనిషి లావెక్కలేదు, పొట్టి అయ్యారంతే. పాత రికార్డుల్లో ఉన్న ఎత్తు తీసుకుంటే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో 5 శాతం బరువు పోతే సంతోషించాల్సింది లేదు. థైరాయిడ్, అదుపు తప్పిన షుగరు, క్షయ, క్యాన్సర్, దిగులు జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. ముందు డాక్టరు చూడాలి.

ఎంత, ఎంత వేగంగా

5 శాతం తగ్గితే మోకాళ్లకు తేడా తెలుస్తుంది, 10 శాతం తగ్గితే బాగా తెలుస్తుంది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి కీలు మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని అమెరికాలో చేసిన నడక కొలతల్లో తేలింది. 78 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గితే అడుగడుక్కీ 16 కిలోల భారం దిగినట్టే. అక్కడే 2013లో వెలువడిన 'ఐడియా' పరిశోధనలో, మోకీళ్లు అరిగి అధిక బరువున్న 454 మందిని 18 నెలలు గమనించారు. ఆహారం, వ్యాయామం రెండూ కలిపి పాటించినవాళ్లు 11 శాతం దాకా బరువు తగ్గారు, నొప్పి దాదాపు సగానికి దిగింది.

వేగం దగ్గరే మన ఇళ్లలో లెక్క తప్పుతుంది. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో తగ్గుతారన్నది ఎక్కడ చూసినా కనిపించే సూత్రం. అది పెద్ద శరీరాలకు, తిరిగే మనుషులకు సరిపోతుంది. 68 ఏళ్లు, 152 సెం.మీ., 78 కిలోలున్న ఒక గృహిణిని తీసుకుందాం. మిఫ్లిన్ సూత్రం ప్రకారం ఆమె కదలకుండా పడుకున్నా ఖర్చయ్యేది రోజుకు సుమారు 1,230 కేలరీలు. ఇంట్లోనే ఉండి కాస్త అటూ ఇటూ మెదిలే మనిషికి దాన్ని 1.2తో హెచ్చవేస్తే 1,475. అందులోంచి 500 తీసేస్తే మిగిలేది వెయ్యి చిల్లర కూడా కాదు. ఆ వెయ్యిలో ప్రొటీన్, కాల్షియం, ఇనుము, పీచు అన్నీ ఇమడ్చడం డైటీషియన్‌కు కూడా కత్తిమీద సామే. 250 తగ్గించి 1,200 కేలరీల దగ్గర ఆగితే నెలకు ఒక కిలో తగ్గుతారు. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, ఎనిమిది నెలల్లో ఆమె బరువులో 10 శాతం అదే. మధ్యలో తగ్గిన శరీరానికి ఖర్చూ తగ్గుతుంది కాబట్టి అది పది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

తొందరపడితే ఏమవుతుంది? వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. తుంటి ఎముక పలచబడుతుంది. నీరసం వల్ల పడిపోతారు. ఇప్పటికే బోలుగా ఉన్న ఎముకతో పడిపోవడం అంటే ఏమిటో తుంటి విరిగిన మనిషి ఉన్న ఇంటికి చెప్పనక్కర్లేదు.

కంచంలో ఏం మారాలి

తెలుగు కంచంలో సమస్య అన్నం అనుకుంటారు. అది సగం నిజం. పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం లేదా టిఫిన్, నడుమ రెండు కాఫీలు, బిస్కెట్లు. ఇంతలో ప్రొటీన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పప్పు ఉంది కదా అంటారు. నలుగురికి గుప్పెడు కందిపప్పు పోసి జారుగా చేసిన పప్పులో ఒక్కొక్కరికి వచ్చే ప్రొటీన్ చాలా తక్కువ. చారులో దాదాపు ఏమీ లేదు. మజ్జిగలో నీళ్లు ఎంత ఎక్కువైతే దాని ప్రొటీన్ అంత పలచన.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం మామూలు పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 దాటినవాళ్ల కండ అదే ప్రొటీన్‌కు యవ్వనంలో స్పందించినట్టు స్పందించదు. అందుకే వృద్ధుల పోషకాహారం చూసే నిపుణులు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఇవ్వమంటారు. లావుగా ఉన్నవాళ్లకు మొత్తం బరువుతో లెక్కేస్తే ఎక్కువైపోతుంది. పైన చెప్పిన ఆమెకు 60-65 గ్రాములు సరిపోతాయి. అదంతా రాత్రి ఒక్కపూటే చికెన్ రూపంలో వస్తే ఉపయోగం తక్కువ. ప్రతి పూటా కొంత కొంతగా పంచి పడాలి.

1,200 కేలరీల్లో అది ఎలా కుదురుతుందంటే, పొద్దున 40 గ్రాముల పొట్టు పెసలతో పోసిన రెండు చిన్న పెసరట్లు, ఒక చెంచా నూనె, ఒక ఉడికించిన గుడ్డు. దీంతో 15-16 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. మధ్యాహ్నం 50 గ్రాముల బియ్యం అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, పెద్ద కప్పు నిండా కూర (బీర, సొర, దొండ, గోరుచిక్కుడు, ఏదైనా), 80 గ్రాముల చేప లేదా చికెన్, చిన్న కప్పు పెరుగు. మాంసం తినని ఇంట్లో చేప బదులు 25 గ్రాముల మీల్‌మేకర్. ఈ పూట 30 గ్రాముల దాకా వస్తుంది. సాయంత్రం పంచదార లేని టీ, గుప్పెడు ఉడికించిన సెనగలు. రాత్రి ఒక పలచటి జొన్న రొట్టె, కూరగాయల కూర, రెండు గుడ్ల తెల్లసొన. గుడ్డు ముట్టనివాళ్లు ఈ రెండు చోట్లా పనీర్ వాడుకుంటారు. 40 గ్రాముల్లో ఏడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కేలరీలు మాత్రం తెల్లసొన కంటే రెట్టింపు దాటతాయి. ఆ మేరకు నూనె కోయాలి.

50 గ్రాముల బియ్యం అంటే ఎంత? రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అందులో మూడో వంతు ఒకరికి. ఇంట్లో అందరికీ కలిపి వండేటప్పుడు ఇది తేలదు. వంటింటి తూకంలో ఒక్కసారి 150 గ్రాముల అన్నం తూచి, అది సరిగ్గా పట్టే గిన్నె ఒకటి పక్కన పెట్టుకుంటే ఆ తర్వాత రోజూ తూచే పని లేదు. ముందు కూర, పప్పు వడ్డించి, ఆ తర్వాత ఆ గిన్నెతో అన్నం పెడితే తినే వరుసే మారిపోతుంది.

బియ్యం మానేసి జొన్నలు, రాగులు, కొర్రలు తింటే బరువు తగ్గుతారన్న నమ్మకం రెండు రాష్ట్రాల్లోనూ గట్టిగా ఉంది. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలుంటే జొన్నల్లో, రాగుల్లో 320-335 ఉంటాయి. తేడా అంతే. చిరుధాన్యాలతో వచ్చే లాభం పీచు, కాస్త నెమ్మదిగా పెరిగే షుగరు, రాగుల్లో వంద గ్రాములకు 350 మి.గ్రా. దాకా కాల్షియం. మూడు ముద్దల సంగటి తింటే మూడు ముద్దల కేలరీలూ వస్తాయి. ఇక జావ సంగతి: పలచగా కాచిన జావ తేలిగ్గా దిగిపోతుంది, గంటన్నరకే ఆకలేస్తుంది, ప్రొటీన్ రెండు మూడు గ్రాములు దాటదు. టిఫిన్‌కు బదులుగా జావ పెట్టడం పెద్దవాళ్ల డైట్లలో కనిపించే అతి మామూలు పొరపాటు.

అన్నం కంటే నిశ్శబ్దంగా పని చేసేది నూనె. చెంచా నూనె అంటే 5 గ్రాములు, 45 కేలరీలు. తాలింపులో, వేపుడులో, ఆవకాయ మీద తేలేదాంట్లో, పొడిలో కలుపుకునే నెయ్యిలో రోజుకు ఏడెనిమిది చెంచాలు తేలిగ్గా వెళ్లిపోతాయి. వాటిని మూడు, నాలుగుకు తగ్గిస్తే 250 కేలరీల కోతలో ముప్పాతిక భాగం అక్కడే పూర్తవుతుంది, కడుపు మాడ్చాల్సిన పనే రాదు. లెక్క చూసుకోవడానికి సులువైన దారి నెల సరుకులు: తలకు నెలకు అర లీటరు నూనె మించితే ఎక్కడో కారుతోందని అర్థం. రెండు కాఫీలు, ఒక టీలో రెండేసి చెంచాల పంచదార అంటే మరో 120 కేలరీలు.

పళ్లు లేకపోవడం ఈ వ్యవహారాన్నంతా తలకిందులు చేస్తుంది. కట్టుడు పళ్లు వదులైపోయిన మనిషి నమలాల్సినవన్నీ ఒక్కొక్కటిగా మానేసి చివరికి మెత్తటి పెరుగన్నం దగ్గర ఆగుతారు. ఇష్టం కొద్దీ తింటున్నారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అక్కడ డైట్ చార్టు కంటే దంతవైద్యుడి అవసరమే ఎక్కువ. ఈలోపు గుడ్డు బుర్జీ, ముల్లు తీసిన చేప పులుసు, ఖీమా, పనీర్ తురుము, మెత్తగా మెదిపిన సెనగలు, పేరబెట్టిన పెరుగును పల్చటి గుడ్డలో రెండు గంటలు వేలాడదీసి చేసిన గట్టి పెరుగు పెట్టొచ్చు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు మాత్రం ఈ ప్రొటీన్ లెక్కలు వర్తించవు. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. దాంతో పాటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), హిమోగ్లోబిన్, విటమిన్ డి కూడా చూపిస్తే మళ్లీ వెళ్లే పని ఉండదు.

తిండి తగ్గితే మలబద్ధకం ఎక్కువవుతుంది. దాన్ని పెంచేది ఇంకొకటుంది. బాత్రూంకు లేవడం కష్టమని, తుమ్మినా దగ్గినా మూత్రం పడుతోందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దని చెప్పకపోతే రోజుకు లీటరున్నర పైనే తాగాలి, అందులో ఎక్కువ భాగం సాయంత్రం ఆరు లోపు.

కుర్చీ దగ్గర చేయాల్సిన పని

కూర్చుని చేసే వ్యాయామంతో కేలరీలు కరగవు. 78 కిలోల మనిషి ఇరవై నిమిషాలు కుర్చీలో కాళ్లూ చేతులూ ఆడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే అదనంగా ఖర్చయ్యేది 30-40 కేలరీలు, చెంచా నేతికి కూడా సరిపోదు. ఆ సంగతి తెలియక నెల రోజులు చేసి, తూకం కదల్లేదని మానేస్తారు. ఈ వ్యాయామం ఉన్నది కండను కాపాడటానికి. 2017లో అమెరికాలో 65 దాటిన 160 మంది స్థూలకాయుల మీద జరిగిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. డైట్‌తో పాటు రకరకాల వ్యాయామాలు చేసిన మూడు బృందాలూ 9 శాతం దాకా బరువు తగ్గాయి. నడక లాంటివి మాత్రమే చేసినవాళ్ల కండ 5 శాతం పోతే, బరువులెత్తే వ్యాయామాలు చేసినవాళ్లకు పోయింది 2 శాతమే. రెండూ కలిపి చేసినవాళ్లకు 3 శాతం, కదలికల పరీక్షల్లో అందరికంటే ముందున్నదీ వాళ్లే. నడవలేని మనిషికి ఇది ఊరటనిచ్చే విషయం. నడక లేకపోయినా కండకు కావాల్సిన పని కూర్చున్న చోటే దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. బరువైన, చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు వెనక్కి జారుతుంది, ఒక చేతి మీదే బరువు పడితే ఒరుగుతుంది. మామూలు కుర్చీ సీటు 43-45 సెం.మీ. ఎత్తుంటుంది. మోకాళ్లు బాగా అరిగినవాళ్లు అంత కిందినుంచి లేవలేరు. మడిచిన జంపఖానాలు వేసి 52-55 సెం.మీ.కు పెంచితే లేవగలుగుతారు. మెత్తటి దిండు వేస్తే కుంగిపోయి పని రెట్టింపవుతుంది. కాళ్లకు జారని చెప్పులు లేదా వట్టి పాదాలు. మేజోళ్లతో టైల్స్ మీద చేయకూడదు.

ముందు సీటు అంచుకు జరగాలి. పాదాలను మోకాళ్ల కంటే నాలుగు వేళ్లంత వెనక్కి తీసుకోవాలి. నడుము దగ్గర వంగి, ముక్కు బొటనవేళ్ల పైకి వచ్చేదాకా ముందుకు రావాలి. ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టి లేస్తే బీపీ ఎగబాకుతుంది. నిలబడ్డాక రెండు క్షణాలు ఆగి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. ధబ్బున కూలబడితే సగం వ్యాయామం వృథా అయినట్టే, పైగా ఎముకలు బోలుగా ఉన్నవాళ్లకు వెన్నుపూస చితికే ప్రమాదముంది. ఎక్కువమందికి కుదరనిది ముందుకు వంగడం. ముందుకు పడిపోతామన్న భయంతో వీపు నిటారుగా పెట్టి, భారమంతా చేతుల మీద వేసి లేస్తారు. అప్పుడు తొడకు పని ఉండదు, మోకాలికి నొప్పి మాత్రం మిగులుతుంది. ఎదురుగా ఒక బల్లో, వంటగట్టో ఉంటే ఆ భయం పోతుంది.

మొదట ఐదుసార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఐదుసార్లు, రోజు విడిచి రోజు. వారానికి ఒకటి చొప్పున పెంచుతూ పదికి చేరాక, జంపఖానాలో ఒక మడత తీసేయాలి. అప్పుడు మళ్లీ ఐదు నుంచి. నొప్పిని 0 నుంచి 10 దాకా అంకెలతో కొలుచుకుంటే, చేస్తున్నప్పుడు 5 దాకా రావడం పరవాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలుకు రావాలి. రాకపోతే తర్వాతిసారి సగం చేయాలి. పూర్తిగా మానేస్తే అప్పటిదాకా వచ్చిన సత్తువ కూడా పోతుంది.

లేచి నిలబడనివ్వని మోకాళ్లకు వేరే దారులున్నాయి. కూర్చుని ఒక్కో కాలును ముందుకు చాచి ఐదు క్షణాలు పట్టి ఉంచడం, తేలికైనప్పుడు చీలమండకు అర కిలో, తర్వాత కిలో ఇసుక సంచి కట్టుకోవడం. పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలును నేలకేసి నొక్కడం. మోకాళ్లు మడిచి పడుకుని పిరుదులు పైకెత్తడం. చేతులకు అర లీటరు నీళ్ల సీసాలు చాలు, లీటరు సీసా అంటే కిలో బరువే కదా. సాగే రబ్బరు బ్యాండ్లు దొరికితే సాధారణంగా పసుపు అన్నిటికంటే తేలిక, ఆ తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ముందు బ్రేకులు వేసుకుని, ఫుట్‌రెస్టులు పక్కకు తీసి మొదలుపెట్టాలి. పక్షవాతం వచ్చిన వైపు చేతిని పట్టి లాగి పైకెత్తించకూడదు, భుజం కీలు జారుతుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలు ఆన్‌లైన్‌లో కొని పంపే పెడల్ యంత్రం చాలా ఇళ్లలో మంచం కింద దుమ్ము పట్టి ఉంటుంది. మోకాలి బిగుతు వదలడానికి, భోజనం తర్వాత పది నిమిషాలు తొక్కితే షుగరుకు అది మంచిదే. నున్నటి నేల మీద ముందుకు జారిపోవడం దాని జబ్బు. కింద రబ్బరు చాప వేసి, ముందు వైపు గోడకు ఆనించాలి. కండకు మాత్రం అది చాలదు.

వ్యాయామం చేసిన ఇరవై నిమిషాలు పోను మిగతా రోజంతా కూర్చునే ఉంటే ఫలితం పలచబడుతుంది. టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడటం ఒక పద్ధతి. కుంగిన నవారు మంచం మీంచి లేవడం ఆరోగ్యవంతులకే కష్టం. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచడం, కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ బిగించడం లాంటివి చేయిస్తే మనిషి రోజుకు పది పన్నెండు సార్లు తనంతట తాను లేస్తారు. అదీ వ్యాయామమే.

మందులు చూసుకోకపోతే

బరువు పెరగడానికి కొన్నిసార్లు కారణం మందుల డబ్బాలోనే ఉంటుంది. షుగరుకు వాడే గ్లైమిపిరైడ్, పయోగ్లిటాజోన్, ఇన్సులిన్, నరాల మంటకు ఇచ్చే ప్రీగాబాలిన్, నిద్రకో దిగులుకో ఇచ్చే మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్, ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు, ఇవన్నీ బరువు పెంచేవే. వీటిని సొంతంగా ఆపకూడదు. బదులు మందు ఉందేమో అడగొచ్చు, చాలాసార్లు ఉంటుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది తిండి తగ్గించి మందు అలాగే ఉంచడం. శనివారం ఒంటిపొద్దు ఉంటూ, కార్తీకమాసంలో నక్తాలు ఉంటూ గ్లైమిపిరైడ్ మాత్ర మామూలుగానే వేసుకుంటే షుగరు 70 లోపుకు పడిపోవచ్చు. చెమట, వణుకు, మాట తడబాటు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. షుగరుకే ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లు పస్తులుంటే, పిండి పదార్థం పూర్తిగా మానేసే డైట్లకు దిగితే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఐసీయూ దాకా వెళ్లొచ్చు, షుగరు మామూలుగా కనిపిస్తున్నా సరే. బీపీ మాత్రలదీ ఇదే కథ. బరువు, ఉప్పు తగ్గేకొద్దీ పాత మోతాదు ఎక్కువవుతుంది. వారానికోసారి కూర్చుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూసి, పై అంకె 20 మించి పడిపోతుంటే డాక్టరుకు చెప్పాలి.

కొలత

తూకం వారానికి ఒకసారి, పొద్దున మలమూత్రాల తర్వాత, ఏమీ తినకముందు. రోజూ చూస్తే కనిపించేది నీటి హెచ్చుతగ్గులే. ముందురోజు ఊరగాయ, అప్పడాలు గట్టిగా తింటే మర్నాడు కిలో ఎక్కువ చూపడం మామూలే. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే అది కొవ్వు కాదు, గుండె పని తగ్గి నీరు చేరుతోందేమో చూడాలి. నిలబడలేనివాళ్లకు టేపు చాలు, నెలకోసారి నడుము, పిక్క. నడుము తగ్గుతూ పిక్క నిలకడగా ఉంటే దారి సరైనదే. పిక్క చుట్టుకొలత మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెం.మీ. లోపు ఉంటే కండ తగ్గిందేమో పరీక్షించాలని ఆసియా నిపుణులు గీసిన గీత. కాళ్ల వాపు ఉంటే ఈ కొలతకు విలువ లేదు.

అసలు పరీక్ష మళ్లీ కుర్చీయే. చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో నెలకోసారి లెక్కించాలి. 65-69 ఏళ్ల ఆడవాళ్లకు 11, మగవాళ్లకు 12 కంటే తక్కువైతే పడిపోయే ముప్పు ఎక్కువ అంటారు. 75-79 ఏళ్లకు ఆ అంకెలు 10, 11. ఈ పరీక్ష మామూలు ఎత్తు కుర్చీతో చేస్తారు. ఎత్తు పెంచిన కుర్చీతో చేస్తే ఈ అంకెలతో పోల్చకూడదు, తమ పాత లెక్కతోనే పోల్చుకోవాలి. తూకం తగ్గుతూ ఈ లెక్క కూడా తగ్గుతుంటే రెండు వారాలు కోత ఆపి, రోజుకు ఇంకో గుడ్డో గ్లాసు పాలో కలపాలి. లెక్క పాత చోటికి వచ్చాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంజెక్షన్ల మాటేమిటి?

2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో (టిర్జెపటైడ్), వెగోవి (సెమాగ్లుటైడ్) మన మార్కెట్లోకి వచ్చాక ఈ ప్రశ్న లేని కన్సల్టేషన్ లేదు. మోకీళ్లు అరిగిన స్థూలకాయులకు సెమాగ్లుటైడ్ ఇచ్చి 68 వారాలు గమనించిన పరిశోధనలో బరువు 13.7 శాతం తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు 3.2 శాతం. నొప్పి కూడా స్పష్టంగా ఎక్కువ తగ్గింది. అయితే అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 56. డెబ్బై అయిదేళ్ల బలహీనుడికి అదే ఫలితం వస్తుందని అనుకోలేం. ఈ మందులు ఆకలిని చంపేస్తాయి, ఆకలి చచ్చిన పెద్ద మనిషి మొదట వదిలేసేది ప్రొటీనే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి, ఇన్సులినో గ్లైమిపిరైడో కలిపి వాడుతుంటే షుగరు పడిపోతుంది. మందు ఆపేస్తే పోయిన బరువులో పెద్ద భాగం తిరిగొస్తుంది. ఖర్చు సరేసరి.

తీసుకోవాలనే నిర్ణయిస్తే, కనీసం నెల రోజుల ముందే కుర్చీ వ్యాయామం అలవాటు కావాలి. వికారంగా ఉన్న రోజుల్లో కొత్తగా మొదలుపెట్టడం అయ్యే పని కాదు. మోతాదు పెంచిన ప్రతిసారీ ఒకటి రెండు వారాలు తిండి సహించదు. రెండు ముద్దలతో సరిపెట్టుకునే ఆ రోజుల్లో ఆ రెండు ముద్దలూ గుడ్డో, చేపో, గట్టి పెరుగో కావాలి. అన్నం ఆ తర్వాతే.